ఘాట్ రోడ్డు మీద డైట్ ప్లాన్

సాలూరు లారీల ఊరు. ఇక్కడి నుంచి ఘాటెక్కి ఒడిశాలోని సుంకి, కొరాపుట్‌ల మీదుగా పోయే 26వ నంబరు జాతీయ రహదారే ఎన్నో ఇళ్లకు అన్నం పెడుతోంది. పొట్టలు పెరగడానికీ ఆ రోడ్డు బతుకే కారణం. గంటల తరబడి స్టీరింగు ముందు కూర్చోవడం, అర్ధరాత్రి దాబా భోజనం, వేళ తప్పిన నిద్ర. అలాంటి డ్రైవరు ఫోన్‌లో బరువు తగ్గే యాప్ పెట్టుకుంటే, రాత్రి ఏడింటికల్లా తినేయమంటుంది, ఎన్ని అడుగులు నడిచావంటుంది. ఆ వేళకు అతను ఘాట్ మలుపుల్లో ఉంటాడు. నాలుగు రోజుల్లో యాప్ తెరవడం మానేస్తాడు. దాన్ని బద్ధకమనడం అన్యాయం.

ఆన్‌లైన్ ఆరోగ్య కార్యక్రమాల్లో చేరినవాళ్లు మధ్యలో జారిపోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. గుంథర్ ఐసెన్‌బాక్ అనే పరిశోధకుడు 2005లో దీన్నొక సూత్రంగానే ప్రతిపాదించాడు. మరి నిలిచేదెవరు? అమెరికాలో డెబొరా టేట్ బృందం 91 మంది ఆసుపత్రి ఉద్యోగులను రెండు జట్లు చేసి, 2001లో ఫలితాలు ప్రచురించింది. వెబ్‌సైటు రెండు జట్లకూ ఇచ్చారు. ఒక జట్టుకు మాత్రం వారం వారం ఈమెయిల్లో పాఠాలు పంపి, వాళ్లు రాసిన తిండి లెక్క చూసి జవాబిచ్చారు. ఆరు నెలలకు ఈ జట్టు సగటున 4.1 కిలోలు తగ్గింది, రెండోది 1.6 కిలోలే. అడిగే మనిషి ఉండటమే తేడా అని నా నమ్మకం. మన దగ్గర పిండిపదార్థాలు మాని కొవ్వు తినమనే వీరమాచనేని రామకృష్ణ డైట్ ఊరూరా పాకింది కూడా ఒక్క యూట్యూబ్ వల్ల కాదు, సభల వల్ల, పక్కింటివాళ్ల మాట వల్ల. అది అందరికీ మంచిదా అన్నది వేరే సంగతి.

సాలూరు పైనున్న కొండ ఊళ్లకు వెళితే ప్రశ్నే మారిపోతుంది. అక్కడ బక్కచిక్కిన తల్లులకు, రక్తం తక్కువున్న పిల్లలకు కావలసింది కడుపునిండా పప్పు, గుడ్డు. పట్నంలో సన్నబడటానికి తాగే చోడి (రాగి) అంబలి అక్కడ పొలానికి పోయేవాళ్ల ఆకలి తీర్చే తిండి.

డ్రైవర్లకైతే లారీ యార్డులో ఒక బరువు చూసే మిషను, వాట్సాప్ గ్రూపులో వారానికోసారి నర్సు గొంతుతో ఒక వాయిస్ మెసేజ్, దాబాలో ఏం అడగాలో చెప్పే మాట చాలావరకు పనికొస్తాయి. ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి. షుగర్ మాత్రలు లేదా ఇన్సులిన్ వాడేవాళ్లు ఫోన్‌లో చూసి పూట భోజనం మానేస్తే, రక్తంలో చక్కెర పడిపోయి బండి నడుపుతుండగానే కళ్లు తిరగొచ్చు. తిండి తగ్గించేముందు మందు మోతాదు గురించి డాక్టర్ని అడగాలి.