సెర్సీకి శాపనార్థాలు... రాబర్ట్‌కి ఈలలు!

సోమవారం పొద్దున్నే హైటెక్ సిటీలో ఎవరైనా హుషారుగా ఆఫీసుకొస్తారా? వచ్చారండీ బాబూ! 2019 ఏప్రిల్, మే నెలల్లో వరసగా ఆరు సోమవారాలు వచ్చారు. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ఆఖరి సీజన్ హాట్‌స్టార్‌లో తెల్లారి ఆరున్నరకే పడేది. అది చూసేసి, ఆ మార్చిలోనే హైటెక్ సిటీ దాకా వచ్చిన మెట్రో ఎక్కి ఆఫీసులో దిగేసరికి క్యాంటీన్‌లో పంచాయితీ మొదలయ్యేది. డ్రాగన్ల గురించి అనుకునేరు... అబ్బే! ఎవరు ఎవరితో పడుకున్నారు, అది తప్పా ఒప్పా అని!

ముందు జాన్ స్నో, డెనేరిస్‌ల కేసు. 2017లో ఏడో సీజన్ చివర ఈ ఇద్దరూ ఒకటయ్యారు. ఆమె అన్నగారి కొడుకే ఇతగాడని మనకి అప్పుడే చెప్పారు. అంటే ఆవిడ సాక్షాత్తూ మేనత్త!

"మేనత్త కూతురైతే భేషుగ్గా చేసుకోవచ్చు. మేనత్తనేనా!" అని గుంటూరు మిత్రుడు చెవులు మూసుకున్నాడు.

"పోనీ మేనమామ అయితే?" అన్నాడు లక్నో కుర్రాడు.

"అక్క కూతుర్ని చేసుకోడం మా వైపు ఉన్నదే" అన్నాం. అతగాడు మమ్మల్ని సెర్సీ చుట్టాల్ని చూసినట్టు చూశాడు! నిజానికి 1955 హిందూ వివాహ చట్టం మేనమామ పెళ్ళిని కాదంటూనే, ఆచారం ఉన్నవాళ్ళకి వెసులుబాటిచ్చింది. వరస అన్నది ఊరు దాటితే మారిపోతుంది మరి.

ఊరు దాటినా మారనిది సెర్సీ మీద తీర్పు. కవల సోదరుడితోనే ముగ్గురు పిల్లల్ని కన్న రాణి. అయిదో సీజన్ చివర, 2015లో, ఆమె జుట్టు కత్తిరించి ఒంటిమీద నూలుపోగు లేకుండా నడివీధిలో నడిపించారు. "తిక్క కుదిరింది!" అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. దాచుకోవడం దేనికి?

మా టెస్టింగ్ టీమ్‌లో ఓ అమ్మాయి ఉండేది. నైట్ డ్యూటీ దిగి, పక్క బల్ల దగ్గర టీ తాగి ఇంటికెళ్ళేది. మాటలు తక్కువ. ఆ రోజు మాత్రం లేచి వెళ్తూ వెళ్తూ ఆగింది.

"మరి రాబర్ట్ గారిని ఏ వీధిలో నడిపించారండీ?"

మా నోళ్ళు పడిపోయాయి! రాబర్ట్ అంటే సెర్సీ మొగుడు, మహారాజు. ఊళ్ళో ఆయనకి ఎంతమంది పిల్లలంటే, రెండో సీజన్ మొదట్లో వాళ్ళని వెతికి వెతికి చంపారు. ఆయన తెరమీద కనబడితే మేం "రసికుడు గురూ!" అని ఈలలేశాం. మామగారు టైవిన్ ఇంకా ఘనుడు. వేశ్యని తెస్తే ఉరి తీయిస్తానని కొడుకుని బెదిరించి, చివరికి ఆ కొడుకు ప్రియురాలినే తన మంచం ఎక్కించుకున్నాడు. అంతెందుకు, 2016లో సెర్సీ మహామందిరాన్ని జనంతో సహా పచ్చమంటల్లో పేల్చేసిందా? ఆ హత్యల ఊసు మా క్యాంటీన్‌లో ఒక్కరూ ఎత్తలేదు! గొడవంతా పడగ్గది దగ్గరే.

మనకిదేం కొత్త కాదులెండి. 1961లో 'జగదేకవీరుని కథ' చూశాం. రామారావుగారు నలుగురు కన్యల్ని కలగని, నలుగుర్నీ చేసుకున్నారు. అది నాకు ప్రాణమైన సినిమా, ఇప్పటికీ వస్తే కదలను. కానీ ఓ రాకుమారి నలుగురు మొగుళ్ళని కలగంటే విజయావారు తీసేవారా, మనం చూసేవాళ్ళమా?

ఆ అమ్మాయి అంత ఘాటుగా ఎందుకడిగిందో వారం తర్వాతగానీ తెలీలేదు. గచ్చిబౌలిలో ఆమెని ఇల్లు ఖాళీ చెయ్యమన్నారట! రాత్రి తొమ్మిదింటికి క్యాబెక్కి వెళ్తుంది, పొద్దున్న తొమ్మిదింటికి దిగుతుంది... 'సంసారులుండే చోట ఇదేం పద్ధతి' అన్నది ఓనరుగారి అభియోగం. అదే వాటాల్లో పై అంతస్తు కుర్రాళ్ళదీ అదే డ్యూటీ, అదే క్యాబు. వాళ్ళని మాత్రం "పాపం, కష్టపడుతున్నారు" అని ఓనరమ్మ పలకరిస్తుందట.

మే 20, ఆఖరి ఎపిసోడ్. సెర్సీ అంతకు ముందు వారమే కోట రాళ్ళకింద పడి చచ్చిపోయింది. అయినా క్యాంటీన్‌లో మావాళ్ళు ఆవిణ్ణి వదల్లేదు! నేను టీ సగంలో వదిలేసి లేచాను. ఆ అమ్మాయి సామాను కొత్తింటికి చేర్చాలి. గుంటూరు మిత్రుడూ నేనూ ట్రాలీ ఆటో మాట్లాడాం. తీరా బయల్దేరే ముందు అనుమానమొచ్చింది... ఇద్దరు మగాళ్ళు సామాను దించుతుంటే కొత్త ఓనరు ఏమనుకుంటాడో?

మా ఆవిణ్ణి కూడా ఆటో ఎక్కించాను.