చేయి కలిపితేనే కార్బన్!

గోబర్ గ్యాసులో మండేదీ, చేపల పెట్టెకు వాడే థర్మకోల్‌లో ఉండేదీ కార్బన్ కుటుంబమే. వాటిని కట్టిపడేసే బంధం కథ ఇది.

రుషికొండ తీరంలో అలలకు కొట్టుకొచ్చిన తెల్లటి థర్మకోల్ ముక్క కనిపిస్తే ఓసారి చేతిలోకి తీసుకోండి. అందులో దాదాపు అంతా గాలే! మిగిలిన కాస్తా పాలీస్టైరీన్... అంటే కార్బన్, హైడ్రోజన్ పరమాణువుల పొడవాటి గొలుసు. అది పూసలు పూసలుగా విడిపోతుందే తప్ప ఓ పట్టాన మట్టిలో కలవదు. పరమాణువుల మధ్య ఉన్న సమయోజనీయ బంధం అంత గట్టిది మరి.

ఇవ్వడం కాదు, పంచుకోవడం

ఉప్పు తయారవ్వాలంటే సోడియం తన ఎలక్ట్రాన్‌ని క్లోరిన్‌కి ఇచ్చేస్తుంది. కార్బన్ దారి వేరు. దాని బయటి కక్ష్యలో ఉన్నవి నాలుగు ఎలక్ట్రాన్లు, స్థిరపడటానికి కావలసినవి ఎనిమిది. నాలుగూ వదులుకోవడం కష్టం, మరో నాలుగు లాక్కోవడమూ కష్టమే. అందుకే పొత్తు కుదుర్చుకుంటుంది. గోబర్ గ్యాసులోని మీథేన్‌నే తీసుకుంటే, ఒక కార్బన్ నాలుగు హైడ్రోజన్లతో ఒక్కో జంట ఎలక్ట్రాన్లను పంచుకుంటుంది. దాంతో కార్బన్‌కి ఎనిమిది, ఒక్కో హైడ్రోజన్‌కి రెండు... లెక్క సరిపోతుంది. ఈ పంపకం సూత్రాన్ని అమెరికా శాస్త్రవేత్త గిల్బర్ట్ లూయిస్ 1916లో వివరించాడు.

కార్బన్లు తమలో తామూ ఇలాగే కలుస్తాయి. ఒక జంటను పంచుకుంటే ఏకబంధం, అది ఈథేన్. రెండైతే ద్విబంధం, అది ఇథిలీన్. మూడైతే త్రిబంధం, వెల్డింగ్‌కు వాడే ఎసిటిలీన్.

ఆ రెండో బంధంతోనే...

ద్విబంధంలో రెండోది మొదటిదంత బలమైనది కాదు. అది తెరుచుకుంటే పక్క అణువుతో కొత్త బంధం ఏర్పడుతుంది. స్టైరీన్ ద్రవంలో జరిగేది ఇదే. అణువుకు అణువు అతుక్కుంటూ పోతే పాలీస్టైరీన్ తయారవుతుంది. బలహీనమైన బంధం పోయి బలమైనది వచ్చిన ప్రతిసారీ వేడి పుడుతుంది. ఆ వేడికి చర్య ఇంకా జోరందుకుంటుంది.

అదుపు తప్పితే ఏమవుతుందో విశాఖ 2020 మే 7 తెల్లవారుజామున చూసింది. ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకులో నిల్వ ఉన్న స్టైరీన్‌లో ఈ చర్య మొదలై, వేడి పెరిగిపోయి, ఆవిరి చుట్టుపక్కల ఇళ్లను కమ్మేసింది. కనీసం 12 మంది చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు.

అందుకే స్టైరీన్‌ని చల్లగా ఉంచాలి. బంధాలు తెరుచుకుని గొలుసు కట్టకుండా అడ్డుకునే టీబీసీ అనే రసాయనాన్ని తగుపాళ్లలో కలపాలి. ట్యాంకులో పైనా కిందా ఉష్ణోగ్రత ఎంతుందో ఎప్పటికప్పుడు చూస్తుండాలి.

పాఠ్యపుస్తకంలో ద్విబంధమంటే పక్కపక్కన రెండు చిన్న గీతలు. పిల్లలు వాటిని గీసేటప్పుడు వెంకటాపురం సంగతి కూడా చెప్పండి. ఆ రెండో గీత ఎందుకంత ముఖ్యమో ఇక మర్చిపోరు.