ఓడ ఎక్కేముందు: ఇన్సూరెన్సు ఎంతకు చెయ్యాలి?

“మా అబ్బాయి అమెరికాలో ఉంటున్నాడు. ఈ వేసవికి మమ్మల్ని రమ్మన్నాడు. అక్కడినుంచి ఏడు రోజులు ఓడలో అలాస్కా చూపిస్తానంటున్నాడు. నాకు 67 ఏళ్లు. పన్నెండేళ్లుగా బి.పి., షుగరు ఉన్నాయి. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు తప్ప మరేమీ లేవు. ఇన్సూరెన్సు 50 వేల డాలర్లకు చాలని ఏజెంటు, రెండున్నర లక్షలకు తక్కువ వద్దని అబ్బాయి. మీరేమంటారు?”

ఇటువంటి ప్రశ్న ఈమధ్య తరచు వస్తోంది. ఇది డాక్టర్ని అడగవలసిన ప్రశ్నేనా అని మీకు అనుమానం కలగవచ్చు. నిజానికి ముందు డాక్టర్నే అడగాలి. ఎంత ఇన్సూరెన్సు కావాలన్నది మీ ఒంట్లో ఏముందో, మీరు వెళ్లేచోట వైద్యం ఎంత దూరంలో ఉందో, ఈ రెండింటిమీదా ఆధారపడి ఉంటుంది. డబ్బు లెక్క ఆ తర్వాతే.

ముందుగా నా దగ్గరకు వచ్చిన ఒక పెద్దమనిషి సంగతి చెబుతాను. రిటైరయిన హెడ్మాస్టరు గారు. కొడుకూ కోడలూ ఆయన్ని ఓడలో తీసుకువెళ్లారు. మూడో రోజు రాత్రి గుండెల్లో బరువుగా అనిపించింది, చెమటలు పట్టాయి. ఓడలో డాక్టరున్నాడని ఆయనకు తెలుసు. ఆ డాక్టరు బిల్లు డాలర్లలో వేస్తాడనీ తెలుసు. తన ఇన్సూరెన్సులో పాత జబ్బులకు డబ్బు రాదని ఎవరో అనగా విన్నారు. “పిల్లవాడి నెత్తిన ఎందుకీ ఖర్చు?” అనుకుని, గ్యాసు మాత్ర ఒకటి వేసుకుని పడుకున్నారు. మర్నాడూ అంతే. రేవు చేరాక చెబితే కొడుకు ఆసుపత్రికి పరుగెత్తాడు. అప్పటికి గుండె కండరంలో కొంత భాగం పాడయిపోయింది. ప్రాణం దక్కింది. కాని ఇప్పుడాయన రెండు మెట్లెక్కితే ఆయాసపడతారు.

ఆయన్ని అలా చేసింది గుండెపోటు ఒక్కటే కాదు, బిల్లు భయం కూడా. నొప్పి వచ్చిన మొదటి గంటలో నోరు విప్పి చెప్పే ధైర్యం ఇవ్వడమే ఇన్సూరెన్సు చేసే మొదటి మేలు. పాలసీ ఎన్నుకునేటప్పుడు ఈ మాట మరిచిపోకండి.

ఓడలో ఏముంటుంది, ఏముండదు?

పెద్ద ఓడలన్నిటిలో చిన్న వైద్యశాల ఉంటుంది. డాక్టరు, నర్సులు ఉంటారు. ఇ.సి.జి., ఎక్స్‌రే, గుండె ఆగితే షాకు ఇచ్చే యంత్రం, శ్వాస అందించే వెంటిలేటరు, రక్తపు గడ్డను కరిగించే మందు ఉంటాయి. ప్రథమ చికిత్సకు, మనిషిని నిలబెట్టడానికి ఇవి చాలు. కాని గుండె రక్తనాళంలో స్టెంటు వేసే సదుపాయం గాని, పెద్ద ఆపరేషను థియేటరు గాని ఉండవు. రక్తనిధి కూడా సాధారణంగా ఉండదు. అంటే జబ్బు పెద్దదయితే రోగిని ఒడ్డుకు చేర్చవలసిందే. సముద్రం శాంతంగా ఉండి, తీరం అందేంత దగ్గరలో ఉంటే హెలికాప్టరు వస్తుంది. లేకపోతే ఓడ దగ్గరి రేవుకు మళ్లుతుంది.

ఓడ డాక్టరు వైద్యం ఉచితం కాదు. బిల్లు మీ గది ఖాతాలో పడుతుంది. ముందు మీరు కట్టి, తర్వాత ఇన్సూరెన్సు కంపెనీనుంచి రాబట్టుకోవాలి. అంచేత ప్రతి రసీదూ, డాక్టరు రాసిచ్చిన రిపోర్టూ దాచుకోవాలి.

ఒడ్డు చేరినంత మాత్రాన కథ ముగియదు. అలాస్కా రాజధాని జూనోనే తీసుకోండి. బయటి ఊళ్లనుంచి ఆ ఊరికి రోడ్డే లేదు. ఓడలోనో విమానంలోనో వెళ్లాలి. అక్కడ ఆసుపత్రి ఉంది. కాని సంక్లిష్టమైన కేసుల్ని వైద్య విమానంలో సియాటిల్ వంటి పెద్ద నగరానికి పంపుతారు. ఆ దూరం దాదాపు 1,450 కిలోమీటర్లు. ఇటువంటి విమానానికి పదుల వేల డాలర్లవుతాయి, లక్ష దాటడమూ ఉంది. అక్కడినుంచి స్ట్రెచరు మీద, డాక్టరు తోడుగా ఇండియాకు తీసుకురావాలంటే రెండు లక్షల డాలర్లు దాటవచ్చు.

మూడు సంచులు, మూడు లెక్కలు

ఇన్సూరెన్సు అంటే ఒకే మొత్తం అనుకుంటారు చాలామంది. అందులో మూడు వేరువేరు సంచులున్నాయి. ఒకదానిలోని డబ్బు మరొకదానికి పనికిరాదు.

మొదటి సంచి ప్రయాణపు డబ్బు. ఓడ టిక్కెట్టు రద్దు చేసుకుంటే, బయలుదేరే తేదీ దగ్గరపడేకొద్దీ తిరిగి వచ్చే సొమ్ము తగ్గిపోతుంది. చివరి రెండు వారాల్లో సాధారణంగా ఏమీ రాదు. మీ లెక్క ఇలా వేసుకోండి. ఓడకు ఇద్దరికీ 3,000 డాలర్లు, లోపలి విమానాలకు 800, హోటలుకు 400 అయిందనుకుందాం. హోటలు ఎప్పుడు రద్దు చేసినా డబ్బు తిరిగి ఇస్తుంది. మిగిలిన 3,800 పోతే తిరిగి రాదు. ఇన్సూరెన్సు చెయ్యవలసింది ఆ 3,800కే, మొత్తం 4,200కు కాదు. ఇంతచేసీ ఈ సంచి ఖాళీ అయితే ఒక వేసవి సరదా పోతుంది, ఇల్లు గుల్లవదు. పొదుపు చెయ్యదలచుకుంటే ఇక్కడ చెయ్యండి.

రెండో సంచి వైద్యం. నడిసముద్రంలోనూ, రేవుల్లోనూ, ఒడ్డున ఆసుపత్రిలోనూ అయ్యే ఖర్చు. అమెరికా గడ్డమీద గుండెకు బైపాస్ ఆపరేషను పడితే లక్ష డాలర్లు దాటుతుంది. అందువల్ల 50 వేలు చాలవు. ఆరోగ్యవంతులకు లక్ష కనీసం. అరవై దాటి, బి.పి., షుగరు ఉన్నవారికి రెండున్నర లక్షలు మంచిది.

మూడో సంచి తరలింపు. అంటే హెలికాప్టరు, వైద్య విమానం, స్వదేశానికి చేర్చడం, దురదృష్టవశాత్తూ ప్రాణం పోతే భౌతికకాయాన్ని ఇంటికి పంపడం. ఓడ ప్రయాణానికి ఇది రెండున్నర లక్షలకు తగ్గకుండా చూసుకోండి. కొన్ని పాలసీల్లో దీన్ని రెండో సంచిలోనే కలిపేస్తారు. అలాంటప్పుడు మొత్తం సొమ్ము అంతకంతా పెద్దదిగా ఉండాలి.

అందుచేత మా పాఠకుడికి నా జవాబు: అబ్బాయి మాట నిజం. ఏజెంటు మాట చవక.

పెద్ద అంకె చూసి మోసపోకండి

పాలసీమీద “లక్ష డాలర్లు” అని పెద్ద అక్షరాలుంటాయి. లోపలి పేజీల్లో మాత్రం గదికి రోజుకింత, ఆపరేషనుకింత, డాక్టరు ఒకసారి చూస్తే ఇంత అని చిన్న చిన్న హద్దులుంటాయి. పెద్దవాళ్లకు అమ్మే చవక పాలసీలు చాలావరకు ఈ తరహావే. లక్ష పాలసీ ఉండికూడా బిల్లులో కొసరంత మాత్రమే చేతికొచ్చిన వాళ్లున్నారు. ఇటువంటి హద్దులు లేని లక్ష, హద్దులున్న అయిదు లక్షలకన్న మేలు కావచ్చు.

రెండోది, ఏ దేశాలకు వర్తిస్తుందన్న సంగతి. సియాటిల్‌నుంచి అలాస్కా వెళ్లే విదేశీ జెండా ఓడలు దారిలో కెనడా రేవు ఒకటి తాకుతాయి. 1886 నాటి అమెరికా చట్టం ఒకటి దీనికి కారణం. మీ పాలసీ అమెరికాకు మాత్రమే అయితే కెనడాలో కాలు విరిగితే ఎవరు కడతారు? నడిసముద్రంలో ఉన్నప్పుడు? అమెరికాకు వచ్చే తలిదండ్రులకోసం అమ్మే పాలసీల్లో ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి. జవాబు నోటిమాటగా కాక రాతమూలకంగా తీసుకోండి. మధ్యధరా సముద్రంలో విహరించేవారికి మరో లెక్క. షెంజెన్ వీసా కావాలంటే కనీసం 30,000 యూరోల వైద్య ఇన్సూరెన్సు ఉండాలి. అది వీసాకు సరిపోయే అంకె, మీ గుండెకు సరిపోయే అంకె కాదు.

అమెరికాలో స్థిరపడి మెడికేర్ పొందుతున్న మన పెద్దలు “మాకేం?” అనుకోవచ్చు. మెడికేర్ ఓడ వైద్యానికి డబ్బిచ్చేది, తగిన అర్హతలున్న డాక్టరు వైద్యం చేసి, ఓడ అమెరికా రేవులో ఉన్నప్పుడో, రేవుకు 6 గంటల ప్రయాణంలోపు ఉన్నప్పుడో మాత్రమే. ఆపైన సాధారణంగా మీ ఖర్చే. వాళ్లకూ వేరే పాలసీ కావాలి.

దాచవద్దు, ఆలస్యం చెయ్యవద్దు

డాక్టరు దగ్గరా, లాయరు దగ్గరా దాచకూడదంటారు. మూడోది చేర్చుకోండి: ఇన్సూరెన్సు ఫారం. “షుగరుందని రాస్తే ప్రీమియం పెరుగుతుంది, వదిలెయ్యండి” అనే సలహాదారులు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఒంట్లో మాత్రలు, పెట్టెలో చీటీలు, ఆసుపత్రిలో పాత రిపోర్టులు ఉండగా ఈ రహస్యం ఎన్నాళ్లు దాగుతుంది? దాచినట్టు తేలితే క్లెయిము మొత్తం కొట్టివేస్తారు.

పాత జబ్బులకు సాధారణంగా పాలసీల్లో డబ్బు రాదు. ప్రాణంమీదికి వచ్చిన అత్యవసర పరిస్థితికి మాత్రం కొంత మొత్తం ఇచ్చే పాలసీలు ఉన్నాయి. ఆ మొత్తం ఎంతో విడిగా అడగండి. డెబ్భై దాటితే చాలా పాలసీల్లో అది బాగా తగ్గుతుంది, కొన్నిటిలో ఉండనే ఉండదు. అమెరికాలో అమ్మే సందర్శకుల పాలసీల్లో చాలావాటిలో మరో షరతు ఉంది: పాత జబ్బు హఠాత్తుగా తిరగబెడితే 24 గంటల్లోగా వైద్యం చేయించుకోవాలి. హెడ్మాస్టరు గారిని తలచుకోండి. నొప్పిని రెండు రాత్రులు దాచి ఆయన గుండెనూ పోగొట్టుకున్నారు. ఇలాంటి పాలసీ ఉన్నా దాని డబ్బునూ పోగొట్టుకునేవారు.

అమెరికాలో ఉంటున్న పిల్లలు తమకోసం కొనే ప్రయాణపు పాలసీల్లో ఒక సౌకర్యం ఉంటుంది. ఓడకు మొదటి సొమ్ము కట్టిన రెండు మూడు వారాల్లోపు పాలసీ కొని, తిరిగి రాని ఖర్చంతటికీ ఇన్సూరు చేస్తే, పాత జబ్బుల మినహాయింపును చాలా కంపెనీలు ఎత్తివేస్తాయి. ఆలస్యమయితే పాలసీ కొన్న తేదీకి వెనక 60నుంచి 180 రోజుల వైద్య చరిత్రను తిరగేస్తాయి. ఆ కాలంలో మాత్ర మోతాదు మారినా లెక్కలోకి తీసుకోవచ్చు. అలాగని మాత్ర మార్చవలసివస్తే మానవద్దు. ఇన్సూరెన్సుకోసం వైద్యం వాయిదా వెయ్యడం గుర్రంకోసం బండిని తగలబెట్టడం వంటిది.

బయలుదేరే ముందు చెయ్యవలసినవి

ప్రయాణానికి నెల ముందు మీ డాక్టరుకు చూపించుకోండి. బి.పి., షుగరు అదుపులో ఉన్నాయో లేదో తెలుసుకోండి. ఆయాసం, కొత్తగా వచ్చిన గుండెనొప్పి, ఇటీవలి పక్షవాతం ఉంటే ప్రయాణం మానుకోండి. ఎంత పాలసీ అయినా వాటికి మందు కాదు.

మందుల అసలు పేర్లు, మోతాదులు, పాత ఇ.సి.జి. కాపీ ఒక కాగితం మీద రాయించి దగ్గర పెట్టుకోండి. మన బ్రాండు పేర్లు అక్కడి డాక్టర్లకు తెలియవు. మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి; పది రోజులకు అదనంగా తీసుకోండి.

కంపెనీ అత్యవసర ఫోను నెంబరు మీ భార్యకు గాని భర్తకు గాని తెలిసి ఉండాలి. కంపెనీకి చెప్పకుండా మీరే వైద్య విమానం పిలిపిస్తే ఆ డబ్బు రాకపోవచ్చు. ఇంకొక సంగతి: చాలా పాలసీలు చేర్చేది దగ్గరలోని తగిన ఆసుపత్రికి, మీరు కోరిన ఆసుపత్రికి కాదు.

తిండికి ముందూ, మరుగుదొడ్డి తర్వాతా సబ్బుతో చేతులు కడగండి. ఓడల్లో వాంతులూ విరేచనాలూ వ్యాపింపజేసే నోరోవైరస్‌కు చేతికి రాసుకునే ఆల్కహాలు ద్రవం అంతగా పనిచెయ్యదు. షుగరు రోగికి ఒక్కరోజు విరేచనాలు చాలు, నీరసించి పడిపోవడానికి.

అంటువ్యాధి వస్తే ఓడంతా నిలిచిపోవచ్చు. 2020 ఫిబ్రవరిలో జపాను యోకోహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ ఓడలో ఉన్న 3,711 మందిలో 712 మందికి కోవిడ్ సోకింది. వారిలో మనదేశంవారు 138 మంది చిక్కుకున్నారు. 132 మంది ఓడ సిబ్బందే. నిర్బంధంగా ఆగిపోయిన రోజులకు గది, తిండి, తిరుగు టిక్కెట్టు ఖర్చు పాలసీ ఇస్తుందా అని కూడా అడగండి.

విశాఖపట్నం, చెన్నై, ముంబయిలనుంచి మన తీరం వెంబడి ఓడలో తిరిగేవారు కూడా తమ ఆరోగ్య పాలసీ తిరగేసుకోవాలి. అందులో “ఆసుపత్రి” అన్న మాటకు ఒక నిర్వచనం ఉంటుంది. ఓడలోని వైద్యశాల ఆ నిర్వచనంలోకి వస్తుందా అని కంపెనీని అడగండి.

ఇదంతా చదివి భయపడవద్దు. ప్రతి ఏటా వేలమంది పెద్దలు హాయిగా ఓడ ఎక్కి, మంచుకొండలు చూసి, ఫొటోలతో తిరిగి వస్తున్నారు. మీరూ వెళ్లండి. కాని బయలుదేరేముందు పిల్లల్ని కూర్చోబెట్టి ఒక మాట తీసుకోండి: “ఒంట్లో ఏ కాస్త తేడాగా ఉన్నా నేను దాచను, మీరు కసురుకోకూడదు.” ఆ మాట ఇచ్చిపుచ్చుకున్నాకే పాలసీ మీద సంతకం పెట్టండి.