ఇంజినుకు ఆకలేస్తే...

హైదరాబాద్‌ నుంచి మొయినాబాద్‌, చేవెళ్ల మీదుగా బీజాపూర్‌ వెళ్లే రోడ్డు మర్రిచెట్లకు పెట్టింది పేరు. సెలవు వచ్చిందంటే చిలుకూరు బాలాజీ గుడికీ, అనంతగిరి కొండలకీ వెళ్లే కార్లు ఈ దారిపట్టాల్సిందే. మొయినాబాద్‌ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఇంజిను వణికిందనుకోండి. లేదా, చేవెళ్ల దగ్గర కూరగాయల లారీని దాటబోతే పికప్‌ అందలేదనుకోండి. ఆపైన డ్యాష్‌బోర్డులో 'చెక్‌ ఇంజిన్‌' లైటు! మెకానిక్‌ స్కానర్‌ పెడితే 'పి0171' అంటుంది. ఇంజిను 'లీన్‌'గా నడుస్తోందని, అంటే గాలికి తగినంత పెట్రోలు అందట్లేదని అర్థం. 'ఆక్సిజన్‌ సెన్సర్‌ మార్చేద్దాం' అని మెకానిక్‌ అనగానే తలూపకండి.

సెన్సర్‌ తప్పేంటి?

కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆ లెక్క కుదిరిందా లేదా అని పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను బట్టి చెప్పేదే ఈ సెన్సర్‌. 1976లో బాష్‌ కంపెనీ సెన్సర్‌తో వోల్వో కార్లలో మొదలైందీ పద్ధతి. సెన్సర్‌ కబురును బట్టి కంప్యూటర్‌ పెట్రోలు పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఈ సవరణే 'ఫ్యూయల్‌ ట్రిమ్‌'. పదిశాతం లోపు హెచ్చుతగ్గులు మామూలే. ఎంత పెంచినా చాలనప్పుడే లైటు వెలుగుతుంది. అంటే చాలాసార్లు సెన్సర్‌ చెప్పేది నిజమే!

ఆగితే ఒకలా... లాగితే ఒకలా

కారు ఆగి ఉన్నప్పుడు ట్రిమ్‌ బాగా పెరిగి, ఇంజిను వేగం పెంచగానే తగ్గితే ఎక్కడో రబ్బరు గొట్టం పగిలి దొంగగాలి చొరబడుతున్నట్లే. చారుగిన్నెలో గ్లాసుడు నీళ్లు పోస్తే పలచనవుతుంది, గంగాళంలో పోస్తే తెలియదు. ఇదీ అంతే! గాలిని నేరుగా తూచకుండా పీడనాన్ని బట్టి లెక్కగట్టే చిన్నకార్లలో మాత్రం, ఆగి ఉన్నప్పుడూ ఇంజిను వేగంగా తిరగడమే దొంగగాలికి గుర్తు.

ఆగినప్పుడు బాగానే ఉండి ఎత్తు ఎక్కేటప్పుడో, ఓవర్‌టేక్‌ చేసేటప్పుడో ట్రిమ్‌ పెరిగితే అనుమానించాల్సింది పెట్రోలు పంపు, ఫిల్టర్లనే. దీన్ని నిర్లక్ష్యం చేయకూడదు. బరువు లాగేటప్పుడు పెట్రోలు చాలకపోతే ఇంజినులో వేడి పెరిగి టకటకమని 'నాకింగ్‌' మొదలవుతుంది. వాల్వులు, పిస్టన్లు దెబ్బతినొచ్చు.

ఇథనాల్‌ సంగతి...

2025 నాటికి బంకుల్లో 20 శాతం ఇథనాల్‌ కలిపిన పెట్రోలు మామూలైపోయింది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్‌ ఉంటుంది కాబట్టి కిలో మండడానికి 9 కిలోల గాలి చాలు. కొత్తకార్ల కంప్యూటర్లు సర్దుకుంటాయి. కార్బురేటర్‌తో నడిచే పాతకార్లకు ఆ వీలుండదు, చేత్తో ట్యూనింగ్‌ చేయించాల్సిందే.

సెన్సర్‌ కొనేముందు...

* ఆగి ఉన్నప్పుడూ, 2500 ఆర్‌పీఎం దగ్గరా ట్రిమ్‌ చూపించమనండి.

* గొట్టాలకు పొగపెట్టి లీకులు వెతకమనండి. వేడి ఇంజిను మీద స్ప్రేలు కొట్టే చిట్కా ఇంట్లో వద్దు, మంటలు అంటుకుంటాయి.

* పెట్రోలు ప్రెషర్‌ గేజ్‌తో కొలిపించండి.

* సైలెన్సర్‌ గొట్టం సెన్సర్‌కు ముందు చిల్లుపడినా బయటిగాలి దూరి అబద్ధపు కబురు వెళ్తుంది. అదీ చూపించండి.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే సెన్సర్‌ మార్చే మాట!