మీకు తెలుసా? పాత కారుకి పవర్ విండోస్

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలో కాలుష్యం తీవ్రంగా ఉన్న 43 పారిశ్రామిక ప్రాంతాల జాబితా వేసింది. తెలుగు నేల నుంచి అందులోకి ఎక్కినవి విశాఖపట్నం, పటాన్‌చెరు-బొల్లారం. దీనికీ కారు అద్దాలకీ ఏం సంబంధం అంటారా? పటాన్‌చెరు దగ్గరి భానూర్ నుంచి పాత మారుతి 800లో ఒంటరిగా బయల్దేరే మనిషిని అడగండి. దారిలో ఎక్కడో గుప్పున ఘాటు వాసన కొడుతుంది. తన పక్క అద్దాన్ని హ్యాండిల్ తిప్పి ఎక్కించుకుంటాడు. ఎడమ పక్కది ఎక్కాలంటే పక్క సీటు మీదికి ఒరగాలి. ఇక వెనక ఎడమ తలుపు సంగతి సరేసరి, బండి పక్కకి ఆపాల్సిందే. ముంబై హైవే మీద లారీల మధ్య ఆపడం కన్నా ఆ వాసన పీల్చడమే నయమనిపిస్తుంది. ఈ బెల్టులో పవర్ విండోస్ సోకు కోసం కాదు, అవసరం కోసమే పెట్టించుకుంటారంటే నేను నమ్ముతాను.

మారుతి 800 తయారీ 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో ఆగింది. బీఎస్-4 కాలుష్య నిబంధన వచ్చాక హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో 2010 ఏప్రిల్ నుంచే దాని అమ్మకం నిలిచిపోయింది. కాబట్టి ఇప్పుడు మన చుట్టుపక్కల తిరిగే ప్రతి 800 మధ్యవయసు దాటినదే.

కారులో మీట నొక్కితే అద్దం కదలడం మొదలైంది 1940లో. అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ తన ఖరీదైన మోడల్‌కి పెట్టింది. అప్పట్లో ఒక్కో అద్దానికి ఒక్కో మోటారు కాదు, గొట్టాల్లో నూనె ఒత్తిడితో అద్దాన్ని ఎత్తేవారు. గొట్టం కారితే నూనె తలుపులోనే!

చేత్తో తిప్పే హ్యాండిల్‌లో ఒక విచిత్రం గమనించారా? మనం తిప్పితే అద్దం కదులుతుంది. అదే అద్దాన్ని పట్టుకుని కిందికి నొక్కితే హ్యాండిల్ తిరగదు. హ్యాండిల్ వెనక చిన్న డబ్బీలో చుట్టల స్ప్రింగు ఒకటి ఉంటుంది. హ్యాండిల్ వైపు నుంచి బలం వస్తే ఆ చుట్ట ముడుచుకుని డబ్బీ గోడని వదిలి తిరగనిస్తుంది. అద్దం వైపు నుంచి వస్తే విచ్చుకుని డబ్బీ గోడని కరుచుకుంటుంది. గుంతల రోడ్డు మీద అద్దం దానంతట అది జారిపోకుండా ఇన్నేళ్లూ కాపలా కాసింది ఆ స్ప్రింగే. పవర్ విండోలో ఈ పని మర గేరు చేస్తుంది: మోటారు గేరుని తిప్పగలదు, గేరు మోటారుని తిప్పలేదు.

బజారులో కిట్లు రెండు రకాలు. మొదటి రకంలో తలుపులో అద్దాన్ని ఎత్తే పాత మెషిన్‌ని కదపరు. హ్యాండిల్ తీసేసి, ఆ ఇరుసుకే లోపలి నుంచి మోటారు తగిలిస్తారు. చౌక, తొందరగా అయిపోతుంది, కానీ ఇరవై ఏళ్లు అరిగిన పాత మెషిన్ మీద కొత్త మోటారు బలమంతా పడుతుంది. రెండోది, పాత మెషిన్‌ని మొత్తం తీసేసి మోటారుతో కలిసి వచ్చే కొత్తదాన్ని పెట్టడం. మీ కారు మోడల్‌లోనే పై వేరియంట్‌కి కంపెనీ పవర్ విండోస్ ఇచ్చి ఉంటే, ఆ మెషిన్ సాధారణంగా మీ తలుపులోనూ కూర్చుంటుంది. డబ్బు ఎక్కువైనా నా ఓటు దీనికే.

భానూర్ అనగానే భారత్ డైనమిక్స్ గుర్తొస్తుంది. అక్కడ తయారయ్యే కొంకుర్స్ క్షిపణి ట్యాంకు మీదికి ఎగురుతూ వెనక సన్నటి తీగని విప్పుకుంటూ పోతుంది. ఎటు తిరగాలో దానికి ఆ తీగలోంచే అందుతుంది. అలాంటి ఊళ్లో కారు తలుపులోకి నాలుగు వైర్లు లాగడం ఒక లెక్కా అనిపిస్తుంది. కానీ ఈ మార్పిడిలో అసలు చిక్కంతా అక్కడే ఉంది. తలుపు తీసినప్పుడల్లా, వేసినప్పుడల్లా కీలు దగ్గర వైరు వంగుతుంది. కంపెనీ కారులో అక్కడ ముడతలు ముడతలుగా రబ్బరు గొట్టం కనిపిస్తుంది. వైర్లు అందులోంచి పోతాయి. తొందర పని చేసేవాళ్లు రేకుకి రంధ్రం కొట్టి వైరుని అలాగే దూర్చేస్తారు. రేకు అంచు దాని తొడుగుని రోజూ కాస్త కాస్త కోస్తుంది. కొన్నాళ్లకి రాగి బయటపడి బాడీకి తగులుతుంది. ఫ్యూజు ఉంటే అది పోతుంది. లేకపోతే పొగ.

ఫ్యూజు ఎందుకంత ముఖ్యమంటే, సాఫీగా కదిలే అద్దానికి మోటారు 5 నుంచి 10 ఆంపియర్లు లాగుతుంది. 12 వోల్టుల లెక్కన 60 నుంచి 120 వాట్లు, అంటే ఒకటి రెండు హెడ్‌లైట్ బల్బులంత. అద్దం ఎక్కడైనా బిగుసుకుంటే 20 ఆంపియర్లు దాటినా దాటుతుంది. దీన్ని తీసుకెళ్లి స్టీరియో వైరుకో సిగరెట్ లైటర్ వైరుకో కలిపేవాళ్లున్నారు. అలా ఒప్పుకోకండి. బ్యాటరీ నుంచి మందమైన వైరు, బ్యాటరీకి దగ్గర్లోనే సొంత ఫ్యూజు, మధ్యలో తాళం తిప్పితేనే పనిచేసే రిలే అడగండి. తాళం తీశాక కూడా స్విచ్ పనిచేస్తుంటే, కారులో కూర్చున్న పిల్లలకి అది ఆటబొమ్మ అవుతుంది.

పిల్లల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. చాలా కొత్త కార్లలో స్విచ్ కొసని పైకి లాగితేనే అద్దం ఎక్కుతుంది. దీని వెనక విషాదాలున్నాయి. పిల్లలు కిటికీలోంచి తల బయటపెట్టి, తెలియకుండా మోకాలితో స్విచ్ నొక్కేయడంతో అద్దం మెడకి బిగుసుకున్న ప్రమాదాలు అమెరికాలో జరిగాయి. 2005లో అక్కడ చట్టమే తెచ్చారు. ఇక ఒక్కసారి తాకితే పూర్తిగా ఎక్కే అద్దానికి ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 21 హద్దు పెట్టింది: బిగించే బలం 100 న్యూటన్లు, అంటే సుమారు పది కిలోల బరువు, దాటకముందే అద్దం వెనక్కి తిరగాలి. చౌక కిట్లలో ఈ ఏర్పాటు సాధారణంగా ఉండదు. అందుకే రిమోట్ నొక్కగానే నాలుగు అద్దాలూ వాటంతటవే మూసుకునే మాడ్యూల్‌ని ఎవరైనా అంటగట్టబోతే వద్దనండి. ఆ మాటకొస్తే, పాత కారుకి ముందు తలుపులు రెండిటికే పవర్ చాలు. పిల్లలు కూర్చునే వెనక తలుపులకి హ్యాండిలే మంచిది. వాసన కొట్టే దారిలో బయల్దేరేముందే వెనక అద్దాలు ఎక్కించుకుంటే సరి.

అద్దం మెల్లగా ఎక్కుతోందంటే మోటారు పోయిందని కాదు. ఎక్కువసార్లు అద్దం జారే రబ్బరు బీడింగ్ గాడిలో చేరిన దుమ్మే కారణం. టిప్పర్లు తిరిగే మా వైపు రోడ్ల మీద అది మరీ ఎక్కువ. ఆ గాడిలో గ్రీజు, ఇంజన్ ఆయిల్ మాత్రం పూయకండి, దుమ్ము ఇంకా అంటుకుంటుంది, రబ్బరూ ఉబ్బుతుంది. తడిగుడ్డతో గాడి తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టండి. మార్పిడికి ముందే ఈ పని చేయించి, హ్యాండిల్ రెండు వేళ్లతో తిరిగేంత సులువయ్యాకే మోటారు పెట్టించాలి.

వానలో సగం దిగిన అద్దం మొరాయిస్తే? ఒకరు స్విచ్‌ని పైకి నొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు అద్దాన్ని లోపల, బయట రెండు అరచేతులతో అదిమి పైకి తోయాలి. చాలాసార్లు ఎక్కుతుంది. మెషిన్‌ది కేబుల్ తెగిన రోగమైతే ఎక్కినా జారిపోతుంది, అప్పుడు టేపే గతి.

డోర్ ప్యాడ్ విప్పినప్పుడు దాని వెనక పాలిథిన్ షీటు ఉంటుంది. బీడింగ్ దాటి తలుపులోకి దిగే వాన నీళ్లు లోపలికి రాకుండా ఆపేది అదే. చాలామంది దాన్ని చించి పారేస్తారు. తర్వాతి వానకి కాళ్ల దగ్గర కార్పెట్ ఎందుకు తడిసిందో అర్థం కాదు. మెకానిక్‌కి ముందే చెప్పి, దాన్ని మళ్లీ అంటించాకే ప్యాడ్ బిగించమనండి.

చివరగా బిల్లు. కంపెనీ ఇవ్వని విద్యుత్ సామగ్రిని కారుకి బిగిస్తే మామూలు బీమా పాలసీ దానికి డబ్బు ఇవ్వదు. ఐఎంటీ 24 అనే అదనపు షరతు కింద దాని విలువ చూపించి చేర్పించుకోవాలి. పాత మోటారు బీమా టారిఫ్‌లో దానికి ప్రీమియం విలువ మీద 4 శాతం ఉండేది. ఆ లెక్కన పది వేల సామానైతే ఏడాదికి 400 రూపాయలు. కాబట్టి షాపువాడు తెల్లకాగితం మీద లెక్క రాసిస్తానంటే ఒప్పుకోకండి, జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి.