నీళ్లు ఆపవద్దు

పిల్లవాడికి తెల్లవారుజాము నుంచి విరేచనాలు. దాహం, దాహం అని ఏడుస్తున్నాడు. తల్లి నీళ్ల గ్లాసు తెచ్చింది. అత్త అడ్డుపడింది.

"నీళ్లు పట్టకే అమ్మా! పట్టినకొద్దీ పోతాయి. కడుపు ఎండబెట్టాలి" అంది.

ఈ మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. ఇది నిజమేనా? కలరా సంగతి తెలుసుకుంటే జవాబు దొరుకుతుంది.

క్రిమి ఎలా వస్తుంది?

కలరాను పాతకాలంలో గత్తర అనేవారు. దేవతకు కోపం వచ్చింది అనుకునేవారు. కాని కలరా ఒక క్రిమి వల్ల వస్తుంది. అది కంటికి కనిపించదు. వంకరగా ఉంటుంది. దానికి ఒక తోక ఉంటుంది.

రోగి మలంలో ఈ క్రిములు ఉంటాయి. ఆ మలం కలిసిన నీళ్లు తాగితే కడుపులోకి వస్తాయి. ఆ నీళ్లు తగిలిన తిండి తిన్నా వస్తాయి. కడుపులోని ఆమ్లం చాలా క్రిములను చంపుతుంది. మిగిలినవి చిన్నపేగుకు చేరతాయి.

క్రిమి ఏం చేస్తుంది?

ఇటుకలతో గోడ కట్టినట్లు, మన ఒళ్లు కణాలతో తయారైంది. పేగు లోపలి గోడ కూడా కణాలే. ఆ గోడ మీద జిగురు పొర ఉంటుంది. క్రిమి తోక ఆడిస్తూ జిగురులో ఈదుతుంది. గోడకు అతుక్కుంటుంది. అది కణం లోపలికి పోదు. బయటే ఉండి విషం వదులుతుంది. ఆ విషం కణంలోకి దూరుతుంది.

అప్పుడు కణం తీరు మారిపోతుంది. ఆపడానికి వీల్లేకుండా మోటారు స్విచ్చి ఇరుక్కుపోయినట్లు అవుతుంది. కణం ఆగకుండా ఉప్పును పేగులోకి వదులుతుంది. ఉప్పు వెంట నీరు పోతుంది. బియ్యం కడిగిన నీళ్లలా విరేచనాలు అవుతాయి. జబ్బు ముదిరితే గంటకు లీటరు నీరు కూడా పోవచ్చు. కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

1959లో కలకత్తాలో శంభునాథ్ డే అనే డాక్టరు దీన్ని రుజువు చేశారు. క్రిములను పెంచిన ద్రవాన్ని ఆయన వడగట్టారు. క్రిములు లేని ఆ ద్రవాన్ని కుందేలు పేగులో పెట్టారు. పేగు నీటితో ఉబ్బింది. క్రిమి వదిలిన విషమే ఈ పని చేస్తుందని తేలింది.

అంటే, పోయేది ఒంట్లో ఉన్న నీరు. తాగడం మానినా అది పోతూనే ఉంటుంది.

పాడవని తలుపు

కణానికి ఇంకో తలుపు ఉంది. చక్కెర, ఉప్పు కలిసి వస్తే అది తెరుచుకుంటుంది. వాటితోపాటు నీరు లోపలికి వెళుతుంది. విషం ఈ తలుపును పాడుచేయలేదు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం జరిగింది. లక్షల మంది పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా పుట్టింది. సెలైన్ సీసాలు సరిపోలేదు. డాక్టర్ దిలీప్ మహలనోబిస్ చక్కెర, ఉప్పు కలిపిన నీళ్లు తాగించారు. అంతకుముందు 100 మంది రోగుల్లో 30 మంది దాకా చనిపోయేవారు. తర్వాత నలుగురి కన్నా తక్కువ మందే చనిపోయారు.

ఏం చేయాలి?

ఓఆర్ఎస్ పొడిని పాకెట్ మీద రాసిన కొలత ప్రకారం కలపాలి. పాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు వేయాలి. చెంచా గుట్టగా ఉండకూడదు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. కలిపిన నీళ్లు ఒక రోజు దాటితే పారబోయాలి.

వాంతి అయితే 10 నిమిషాలు ఆగి, మళ్లీ చెంచాతో కొంచెం కొంచెం పట్టాలి. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపకూడదు. కళ్లు లోపలికి పోయినా, మూత్రం రాకపోయినా, మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. దారిలో కూడా తాగిస్తూ ఉండాలి.

పేగు గోడ కణాలు కొద్ది రోజులకే రాలిపోతాయి. కొత్తవి పుడతాయి. అందాకా ఒంట్లో నీరు తగ్గకుండా చూడాలి.

ఆ ఇంట్లో తల్లి పాకెట్ మీది అక్షరాలు కూడబలుక్కుని చదివింది. నీళ్లు కలిపింది.

"అత్తా, పోయేది వీడి ఒంట్లో నీరే. పోయినంతా మళ్లీ పోయాలి" అంది.

అత్త మనవణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుంది. చెంచా అందుకుంది.