గూగుల్‌లో ముందు వరస ఎవరిది?

పలివెలలో గాని, కొత్తపేటలో గాని ఇప్పుడు ఏ పని పడినా పిల్లల చేతికి ఫోన్ ఇచ్చి "గూగుల్‌లో కొట్టి చూడు" అంటున్నాం. స్కాలర్‌షిప్పు దరఖాస్తు, గల్ఫ్ ఉద్యోగం, రాజమండ్రిలో కంటి డాక్టరు, బ్యాంకు వాళ్ళ ఫోన్ నంబరు, అన్నీ అక్కడే వెతుకుతున్నాం. వచ్చిన జాబితాలో మొదటి రెండు మూడు తప్ప కిందికి వెళ్ళి చూసే ఓపిక ఎవరికీ ఉండదు. మరి ఆ మొదటి స్థానం ఎవరికి, ఎందుకు దక్కుతుంది? ఆ స్థానం కోసమే పాతికేళ్ళకు పైగా ఒక పెద్ద వృత్తి నడుస్తోంది. దాని పేరు సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్, పొట్టిగా ఎస్ఈఓ. డిగ్రీ చదివిన మన పిల్లలు కొందరు ఈ పనిలోకి వెళుతున్నారు. మన దుకాణదారులకు "మిమ్మల్ని గూగుల్‌లో నంబర్ వన్ చేస్తాం" అని ఫోన్లు వస్తున్నాయి. ముందు వరసలో కనబడిన దాన్ని నమ్మి డబ్బు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. అందుకే ఈ సంచికలో దీని గురించి రాయాలనుకున్నాం.

మొదట్లో ఈ ఆట చాలా సులువు. 1995లో వచ్చిన ఆల్టావిస్టా వంటి యంత్రాలు పేజీలో ఏ మాట ఎన్నిసార్లు ఉందో ప్రధానంగా చూసేవి. కొబ్బరి వ్యాపారి తన పేజీలో 'కొబ్బరి' అని వందసార్లు రాస్తే పైకి వచ్చేవాడు. తెల్ల కాగితం మీద తెల్ల సిరాతో రాసినట్టు, చదివేవారికి కనబడకుండా మాటలు నింపేవారు. పేజీ వెనక 'కీవర్డ్స్' అని ఒక గడి ఉండేది, అందులో సంబంధం ఉన్నవీ లేనివీ అన్నీ దట్టించేవారు. ఆ గడిని తాము అసలు చూడటమే లేదని గూగుల్ 2009 సెప్టెంబరులో బాహాటంగా చెప్పింది. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి కొందరు దాన్ని నింపుతామని డబ్బు తీసుకున్నారు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు విద్యార్థులు వేరే దారి పట్టారు. 1998లో గూగుల్ సంస్థ పెట్టింది వీరే. వారి ఆలోచన మనకు కొత్తది కాదు. ఊళ్ళో మంచి మేస్త్రీ ఎవరో తెలియాలంటే మేస్త్రీని అడగం, పదిమందిని అడుగుతాం. ఆ పదిమందిలో కూడా పెద్దమనిషి చెప్పిన మాటకు విలువ ఎక్కువ ఇస్తాం. ఒక వెబ్‌సైటు మరో వెబ్‌సైటుకు ఇచ్చే లింకును వారు అలాంటి సాక్ష్యంగా లెక్కగట్టారు. ఈ లెక్కకు పేజ్‌ర్యాంక్ అని పేరు.

సాక్ష్యానికి విలువ వచ్చాక సాక్షులను కొనడం మొదలైంది. లింకుల వ్యాపారం పుట్టింది. అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణాల సంస్థ బట్టల నుంచి పరుపుల దాకా అనేక వస్తువులకు గూగుల్‌లో మొదటి స్థానంలో ఉండేది. దాని వెనక సంబంధం లేని సైట్లలో డబ్బిచ్చి పెట్టించిన వేల లింకులు ఉన్నాయని 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. ఆ సంస్థ తమకు తెలియకుండా జరిగిందని చెప్పి తన ఎస్ఈఓ ఏజెన్సీని తొలగించింది. గూగుల్ దాన్ని వెనక్కి నెట్టేసింది. అదే నెలలో పస లేని పేజీలను కిందికి తోసే 'పాండా' మార్పు, 2012 ఏప్రిల్‌లో కొన్న లింకుల పని పట్టే 'పెంగ్విన్' మార్పు వచ్చాయి. జంతువుల పేర్లు ముద్దుగానే ఉన్నాయి గాని, వాటి దెబ్బకు మూతపడిన చిన్న వ్యాపారాలు తక్కువేమీ కావు. ఒకరి యంత్రం మీద బతుకుతెరువు మొత్తం ఆనించుకుంటే ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

తెలుగువారి కథ మాత్రం ఈ వరసలో నడవలేదు. మన భాషకు వచ్చిన మొదటి చిక్కు ర్యాంకు కాదు, అసలు కనబడకపోవడం. ఇంటర్నెట్ తొలి రోజుల్లో తెలుగు పత్రికల సైట్లు ఒక్కొక్కటీ సొంత ఫాంటు వాడేవి. తెర మీద 'అ' కనబడుతుంది, లోపల మాత్రం ఏదో ఇంగ్లీషు గుర్తు ఉంటుంది. మనిషి చదవగలడు, యంత్రానికి అది అర్థం లేని గిలుకు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, అది మామూలు కంప్యూటర్లకు, పత్రికలకు చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, ఆ తరువాత వచ్చిన తెలుగు బ్లాగులు యూనికోడ్‌లో రాయడం వల్లనే తెలుగులో వెతికితే తెలుగు దొరకడం మొదలైంది. జీతం లేకుండా రాత్రిళ్ళు కూర్చుని ఊళ్ళ పేజీలు రాసినవారు మన భాషకు చేసిన మేలు ఏ ఎస్ఈఓ కంపెనీ చేయలేదని మా అభిప్రాయం. 2016 సెప్టెంబరులో జియో రావడంతో చవక డేటా పల్లెలకు చేరింది. 2018లో గూగుల్ ప్రకటనల పద్ధతి తెలుగు పేజీలకూ వర్తించింది. దానితో తెలుగులో రాస్తే డబ్బు వస్తుందని తెలిసి, మంచి రాతలతో పాటు "ఇది తెలిస్తే షాక్" రకం పేజీలూ వరదలా వచ్చాయి.

ఇంకో తిరకాసు ఉంది. మనం తెలుగులో ఆలోచించి ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాం. ఆత్రేయపురం పూతరేకులనే ఒకరు 'ఓ' రెండుసార్లు పెట్టి, ఇంకొకరు 'యు' పెట్టి, మరొకరు 'హెచ్' వదిలేసి రాస్తారు. 'కొత్తపేట' అంటే మన మండల కేంద్రమో, గుంటూరు కొత్తపేటో, హైదరాబాదుదో యంత్రం ఊహించుకోవాలి. వెనక ఇలాంటి రాతలన్నీ పేజీలో విడివిడిగా ఇరికించేవారు. 2019 అక్టోబరులో గూగుల్ 'బెర్ట్' అనే పద్ధతి తెచ్చి, డిసెంబరుకల్లా తెలుగుతో సహా 70కి పైగా భాషలకు విస్తరించింది. మాటలను విడిగా లెక్కపెట్టకుండా వాక్యం మొత్తం మీద అర్థం పట్టుకోవడం దాని పని. "రావులపాలెం నుంచి విజయవాడ బస్సు", "విజయవాడ నుంచి రావులపాలెం బస్సు" ఒకటి కాదు కదా. ఆ 'నుంచి' ఎక్కడుందో గమనించడం అన్నమాట.

ఇక దగ్గరి దుకాణాల సంగతి. "దగ్గర్లో టైరు పంక్చరు" అని వెతికితే మ్యాపుతో సహా వచ్చే జాబితా గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ నుంచి వస్తుంది. అందులో చేరడం ఉచితం. నంబర్ వన్ స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే రాసి పెట్టింది. కాబట్టి అలాంటి హామీతో ఎవరైనా ఫోన్ చేస్తే ఆ మాట అక్కడే ఆపేయవచ్చు.

మోసగాళ్ళు కూడా ఎస్ఈఓ బాగా నేర్చుకున్నారు. బ్యాంకు పేరు పక్కన 'కస్టమర్ కేర్ నంబర్' అని చేర్చి దొంగ పేజీలు తయారు చేస్తారు, మ్యాపులో నంబర్లు మార్చేస్తారు. భయంతో వెతికేవాడు మొదట కనబడిన నంబరుకే ఫోన్ చేస్తాడని వారికి తెలుసు. బ్యాంకు నంబరు పాసుపుస్తకం మీదో, ఏటీఎం కార్డు వెనకో చూసుకోవాలి. డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి, గంటలు గడిచేకొద్దీ తిరిగి వచ్చే ఆశ తగ్గుతుంది. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తుకు రుసుము లేదు. రుసుము అడిగే సైటు ఎంత పైన ఉన్నా అది అసలుది కాదు. చిరునామా చివర 'గవ్ డాట్ ఇన్' ఉందో లేదో చూడమని పిల్లలకు చెప్పండి. గల్ఫ్ వెళ్ళేవారు ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో ఉందేమో చూసుకోవాలి. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగ్గ సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షలు అడిగేవాడి వెబ్‌సైటు ఎంత అందంగా ఉన్నా అక్కడ ఆగండి. 'స్పాన్సర్డ్' అని చిన్న అక్షరాల్లో ఉంటే అది డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటన.

ఇప్పుడు పద్ధతి మళ్ళీ మారుతోంది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. 2024 మేలో అమెరికాలో, ఆగస్టులో మన దేశంలో గూగుల్ కూడా జాబితాకు పైన తానే జవాబు రాసి చూపడం మొదలుపెట్టింది. అమెరికాలో మొదలైన కొత్తల్లోనే పిజ్జా మీద చీజ్ జారకుండా జిగురు కలపమని అది సలహా ఇచ్చింది. ఎప్పుడో ఎవరో సరదాగా రాసిన మాటను నిజమనుకుంది పాపం. జవాబు అక్కడే దొరికితే కింద ఉన్న సైటు తెరిచేవారు తగ్గుతారు, రాసినవాడికి రావలసింది రాదు. మరోవైపు యంత్రంతోనే వేల పేజీలు రాయించి పైకి రావాలనుకునేవారు బయలుదేరారు. 2024 మార్చిలో గూగుల్ వాటి మీద నిబంధన పెట్టింది. చేసి చూసినవాడి అనుభవం ఉన్న రాతకు విలువ ఇస్తామని 2022 డిసెంబరు నుంచే చెబుతోంది. రేకు తీసే చేతితో ఫొటోలు పెట్టి, కుండ ఎలా కాల్చాలో రాసిన పేజీకి అలా కొంత బలం ఉంటుంది.

ఈ పనిలోకి వెళ్ళాలనుకునే మన పిల్లలు కోర్సులో చెప్పిన చిట్కాలు రెండేళ్ళకు పాతబడతాయని ముందే తెలుసుకోవాలి. మాకు తోచినంతలో తెలుగు తప్పుల్లేకుండా రాయగలిగినవారికే ఇందులో ఎక్కువ కాలం పని ఉంటుంది. దుకాణదారులకు ఒక చిన్న పని: మన ప్రాంతం 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లాలోకి వచ్చింది. మీ ప్రొఫైల్లో ఇంకా తూర్పు గోదావరి అనే ఉంటే మార్చుకోండి. దుకాణం పేరు బోర్డు మీద ఎలా ఉందో అక్కడా అలాగే, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెట్టండి. ఫోన్ నంబరు మీదేనా, ఎవరైనా మార్చారా అని నెలకోసారి చూసుకోండి.